నడిమి వేలు కేసు

"ఈ భూమ్మీద నేరస్తులు రెండు రకాలు సుంకన్నా. నాకు దొరికినోళ్లు ఒక రకం. నేనింకా ఎతకనోళ్లు ఇంకో రకం."

ఈ మాట అంటూ డిటెక్టివ్ జయరాముడు సుత్తి పైకెత్తాడు. అప్పటిదాకా బెళుగుప్ప రోడ్డు పక్కన సెల్ రీచార్జి కొట్టు పెట్టుకుని బతికిన మనిషి, ఆ పూట నుంచి డిటెక్టివ్. కొట్టు నెత్తిన కొత్త బోర్డు కొడుతున్నాడు. "జయరాం డిటెక్టివ్ ఏజెన్సీ. చీకటి రహస్యాలను వెలుగులోకి లాగబడును. రీచార్జి కూడా చేయబడును."

పక్కనే నా పంక్చరు షాపు. నిచ్చెన పట్టుకోవడం నా వంతు. ఈయనతో స్నేహం చేసిన పాపానికి జీవితమంతా ఏదో ఒకటి పట్టుకునే ఉన్నాను.

"నేరం యాడుంటే నా దృష్టి ఆడుంటాది," అని ఆయన చుట్టూ చూశాడు. దృష్టి రోడ్డు మీద ఉంది. సుత్తి మేకు మీద ఉండాలి. అది మేకు మీద పడలేదు. ఎడమచేతి నడిమి వేలు మీద పడింది.

ఆర్‌ఎంపీ డాక్టరు జయచంద్ర ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు, వేలికి అటొకటి ఇటొకటి పెట్టి బిగించి కట్టు కట్టాడు. తతిమ్మా వేళ్లు ముడుచుకోమన్నాడు. "వేలు వంగకూడదు జయరాముడా. చెయ్యి కిందికి దించినావంటే రక్తం దిగి సలుపుతాది. పైకే పెట్టుకో."

పైకే పెట్టుకున్నాడు. ఇక చూడండి. ఊళ్లోకి అడుగు పెట్టేసరికి కొళాయి దగ్గర బిందెలు వరసబెట్టి కూర్చున్న ఆడవాళ్లలోంచి చెన్నమ్మ లేచింది. ఆ కొళాయిలో నీళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో కొళాయికే గుర్తు లేదు, అయినా బిందెలు మాత్రం వరసలో ఉంటాయి.

"ఏమిరా అది? ఎవురికి చూపిస్తాండావు?"

"ఎవురికీ కాదు చెన్నమ్మక్కా. దెబ్బ తగిలింది."

"నాకు తెల్దనుకుంటాండావా? మా మనవడు సెల్లులో చూస్తాంటాడు అట్లాంటివి. దించు."

దించితే సలుపుతుంది. దించకపోతే చెన్నమ్మ. కాసేపు ఆలోచించి ఆయన సలుపునే ఎంచుకున్నాడు. వీధి మలుపు తిరగ్గానే వేలు మళ్లీ లేచింది.

మేము కొట్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి కదిరమ్మ కూర్చుని ఉంది. రోడ్డు మీద టీ కొట్టు ఆమెది. పక్కన మనవరాలు జ్యోతి, అయిదో తరగతి, గడ్డం గుండెకు ఆనించుకుని. ఆ పిల్ల అమ్మానాయనా బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నారు. పిల్ల చదువు కోసమని అవ్వ దగ్గర వదిలారు.

కదిరమ్మ జయరాముడి వేలు వంక ఒకసారి చూసింది. తలకొట్టుకుంది.

"అయ్యో నా కర్మ. ఈని తావకొచ్చిందే ఈ ఏలు గురించి. ఈడే ఎత్తుకుని తిరుగుతాండాడు."

"విషయమేమి పెద్దమ్మా? దాచకుండా చెప్పు. డాక్టరు కాడ, లాయరు కాడ, డిటెక్టివు కాడ..."

"సోది ఆపురా. ఈ పిల్లకు టీసీ ఇస్తారంట."

జరిగింది ఇది. గురువారం బడిలో ఏదో వార్షికోత్సవం. ముఖ్య అతిథి శ్రీరంగప్ప. బడి గోడ కట్టించింది ఆయనే, బడి కమిటీలో పెద్ద ఆయనే, ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఆపేవాడు ఈ మండలంలో పుట్టలేదు. నీతులు చెప్పాడు, క్రమశిక్షణ చెప్పాడు, పిల్లలు నిద్రపోయారు. ఆఖర్న ఏమనుకున్నాడో, తన శనక్కాయ చేలోకి ఎలుగుబంటి వచ్చిన సంగతి ఎత్తుకున్నాడు. పిల్లలు లేచి కూర్చున్నారు. ఎలుగుబంటి వెనక్కి తిరిగింది, నా మొహం వంక చూసింది అన్నాడు. గడియారం చూసుకున్నాడు. ఇంతటితో ఆపుతాను, జైహింద్ అన్నాడు.

అప్పుడు ముందు వరసలో జ్యోతి లేచి నిలబడి, చెయ్యి చాపి, నడిమి వేలు పైకెత్తి చూపించింది. నవ్వుతూ.

శ్రీరంగప్ప కూడా నవ్వాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, పిల్ల ఏదో దండం పెట్టిందనుకుని చెయ్యెత్తి దీవించాడు. హెడ్మాస్టర్ శశికుమార్ సారు మాత్రం ఉరికొచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆ తర్వాత ఎర్రబడింది మొహం. వేలు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, చెవి వల్ల అయింది. ఇది నేను రాసిపెట్టి చెప్తాను.

"సోమవారం కమిటీ కూకుంటాదంట, అందాక బడికి రావద్దన్నారు," అంది కదిరమ్మ. "ఈ పిల్లకు ఆ పాడు పని నేర్పించినోడు ఎవుడో ఆ లోపల తేలాలంట. లేకుంటే టీసీ. టీసీ ఇస్తే నేనేం చేయాల? బెంగుళూరికి పంపాల. ఆడ రేకుల షెడ్డులో తమ్ముని ఎత్తుకుని కూకుంటాది. బడీ లేదు గిడీ లేదు."

నాకు మండింది. "అట్ల తీసేసే హక్కు వాళ్లకు లేదు కదిరమ్మా. చట్టముంది. నేను కలెక్టరుకు అర్జీ రాస్తా."

"నువ్వు అర్జీ రాసేలోపల ఈ పిల్లకు మనవళ్లు పుడతారు సుంకన్నా. పోయినసారి కొళాయికి రాసినావు గదా."

జయరాముడు కళ్లు సగం మూసి కుర్చీలో వెనక్కి వాలాడు. మేధస్సు పనిచేసేటప్పుడు ఆయన అట్లాగే వాలతాడు. కుర్చీకి వెనక కాలు ఒకటి లేదన్న సంగతి మేధస్సుకు గుర్తుండదు. లేపి కూర్చోబెట్టాను.

"పాపా, భయపడొద్దు," అన్నాడు దుమ్ము దులుపుకుంటూ. "ఆ వేలు నీకు నేర్పించిన దుర్మార్గుడు ఎవడు?"

జ్యోతి మొదటిసారి తలెత్తింది. "ముందు నువ్వు చెప్పు మామా. ఈ వేలికి అర్థమేమి?"

"అది... తప్పు."

"తప్పని అందురూ అంటాండారు. ఏం తప్పు?"

"అది పెద్దోళ్ల విషయం."

"చూపించింది నేను గదా. పెద్దోళ్ల విషయమెట్లయితాది?"

జయరాముడు నా వంక చూశాడు. "సుంకన్నా, నువ్వు మీటింగుల్లో మైకు పట్టుకుంటావు గదా. నువ్వు చెప్పు."

నేను ఎమ్మార్వో ఆఫీసు ముందర ఎన్నో మాటలన్నవాణ్ణి. పోలీసులు చెవులు మూసుకున్న మాటలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ పిల్ల నా మొహంలోకి సూటిగా చూస్తుంటే నాకు ఎక్కడలేని దగ్గు వచ్చింది.

"నువ్వు చెప్పు అవ్వా," అంది జ్యోతి.

"నాకేం తెలుసు? సారు తప్పన్నాడు. ఈపు మీద రెండు వేసినా."

"చూసినావా మామా. నేను చెప్పబోతే సారు నోర్మూయ్ అన్నాడు. అవ్వ కొట్టింది. ఇప్పుడు నేను చెప్పను. ఎవురు నేర్పినారో చెప్తే ఆయప్పను గూడా కొడతారు మీరు. అర్థం చెప్పండి, అప్పుడు చెప్తా."

అంతే. పెదాలు బిగించింది. జయరాముడు లేచి నిలబడి వేలు ఆకాశం వైపు పెట్టి ప్రకటించాడు. "ఆయప్ప అనింది. విన్నావా సుంకన్నా? అంటే నేరస్తుడు మగవాడు. కేసు సగం తేలిపోయినట్టే."

మిగతా సగం కోసం బడికి పోయాం. శనివారం, బడి జరుగుతోంది. శశికుమార్ సారు నల్లబల్ల దగ్గర్నుంచి తిరిగి చూసి, గుమ్మంలో నిలబడ్డ జయరాముడి చేతిని చూసి, చాక్‌పీసు వదిలేశాడు.

"నువ్వు గూడానా జయరాముడూ?"

"దెబ్బ సార్ ఇది. సుత్తి దెబ్బ. నేను జ్యోతి కేసు విషయమై వచ్చినా. నేరం ఏమిటో మీ నోట వినాల. రికార్డు కోసం."

"ఏం నేరం? అందరికీ తెలిసిందే గదా."

"ఏం తెలిసింది సార్?"

"అదే. ఆ... వేలు."

"వేలికేమి అర్థం సార్?"

పిల్లలంతా పుస్తకాలు మూసి ముందుకు వంగారు. గురువారం ఎలుగుబంటి దగ్గర కూడా ఇంత శ్రద్ధ లేదు. సారు గొంతు సవరించుకున్నాడు.

"అది పాశ్చాత్య సంస్కృతి."

"సార్, పాశ్చాత్య అంటే ఏమి సార్?" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు.

"పడమర."

"పడమర అంటే కళ్యాణదుర్గమా సార్?"

సారు మమ్మల్ని బయటికి తోసి తలుపేశాడు. తలుపు సందులో జయరాముడి వేలు ఇరుక్కోలేదు. అదొక్కటే ఆ రోజుకు అదృష్టం.

ఇంత చదువుకున్న మనిషి, ఆ ముక్క శ్రీరంగప్ప చెవిలో చెప్పడానికి ఉరికొచ్చాడు. పిల్ల చెవిలో చెప్పడానికి మాత్రం కాళ్లు రాలేదు. పిల్లకు తెలియదు, తెలియని దానికి శిక్ష, తెలిసినవాడికి సిగ్గు. బడి అంటే ఇదన్నమాట.

"ఆధారం దొరికింది సుంకన్నా," అన్నాడు జయరాముడు దారిలో. జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "పొద్దున జ్యోతి గౌను అంచు మీద ఉండాది ఇది. ఎంటికల్లో గూడా. చూడు. బూడిదరంగు పొడి."

వాసన చూశాడు. నాలిక మీద వేసుకున్నాడు. ఉమ్మేశాడు.

"ఉప్పగా లేదు. తియ్యగా లేదు. భూగర్భంలోంచి వచ్చిన రాయి పొడి. భూగర్భంలోంచి రాయి ఎవరు తీస్తారు?"

"బోరు పొడి లాగుండాది గదప్పా."

ఆయన జాలిగా నా భుజం తట్టాడు. "అదే. నువ్వు అట్లనుకోవల్లనే ముఠా కోరిక. బోరు ముసుగులో వజ్రాలు తవ్వుతాండారు. వజ్రకరూరు ఎంత దూరముందని? నడిమి వేలు ఆ ముఠా రహస్య సంకేతం. అమాయకమైన పిల్ల టీ ఇచ్చేదానికి పోయి దాన్ని చూసింది. చూసింది కాబట్టి ప్రమాదంలో ఉండాది. నేనొక్కడినే ఆ పిల్లకూ బెంగుళూరుకూ మధ్య నిలబడుండేది."

ఆ ఆఖరి మాట అన్నప్పుడు ఆయన గొంతు వేరేగా ఉంది. నవ్వబోయి మానుకున్నాను. నెత్తిలో గుజ్జు లేకపోవచ్చు గానీ, ఆ పిల్ల బడి మానకూడదన్న ఒక్క ముక్క మాత్రం ఆ నెత్తిలో గట్టిగా దిగింది. నా అర్జీలకు కూడా అంతకంటే గట్టి కారణం లేదు.

ఆదివారం పొద్దున నా టీవీఎస్ మీద బయల్దేరాం. ఆయన వెనక కూర్చుని, సలుపుతుందని చెయ్యి నా తల మీదుగా పైకి పెట్టాడు. ఎదురొచ్చిన లారీ డ్రైవర్లందరూ మా ఇద్దరినీ పలకరించారు. ఆ పలకరింపులు ఇక్కడ రాయను.

ఊరి చుట్టూ బోరు బండి మోగుతున్నది ఒకే చోట. శ్రీరంగప్ప చేలో. ఆయన వేయించే బోర్లకు లెక్క లేదు, ఒకదాంట్లోనూ నీళ్లు లేవు. నెలంతా ఈ బండి ఆయన చేలలోనే తిరుగుతోంది. టెంకాయ అరచేతిలో నిలబెట్టుకుని నడిచే మనిషిని పిలిపించి, టెంకాయ లేచి నిలబడిన చోటల్లా వేయించాడు. టెంకాయలు లేచాయి, నీళ్లు లేవలేదు. మా సీమలో భూమి రైతుకు చూపించేది కూడా ఆ వేలే. దానికి మాత్రం ఎవరూ టీసీ ఇవ్వరు.

కంప్రెసరు మోతకు చెవులు పగిలిపోతున్నాయి. గుంతలోంచి బూడిదరంగు పొడి మబ్బులాగా లేస్తోంది. ఎండు పొడి అంటే కింద చుక్క లేదని అర్థం. శ్రీరంగప్ప దూరంగా గొడుగు కింద టవలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన రేపటి కమిటీ గురించి మాట్లాడటానికి వచ్చిన శశికుమార్ సారు. ఇటుపక్క రోజూ లాగే కదిరమ్మ టీ ఫ్లాస్కుతో, జ్యోతి గ్లాసులతో.

"ముఠా మొత్తం ఒకే చోట," అని జయరాముడు నా చెవిలో అరిచాడు. "శ్రీరంగప్పే నాయకుడు. పిల్లను ఊరు దాటించాలని చూస్తాండేది అందుకే. నువ్వు ఆడుండు."

"రే, ఆగు."

ఆగలేదు. బోరు పొడి కుప్ప గుట్టలాగా ఉంటే దాని మీదికి ఎక్కాడు.

సరిగ్గా అప్పుడే శ్రీరంగప్ప లేచి, చెయ్యి అడ్డంగా ఊపాడు. చాలు, ఆపేయండి అని. బండి ఆపరేటరు తమిళాయన, పెద్దాయన, మీటలు వదిలి, మోత తగ్గించి, గొడుగు దగ్గరికి నడిచాడు. బోరు ఇంకా లోతుకు పోవాలంటే ఒకదానికొకటి బిగించి దించే రాడ్ల దగ్గర నిలబడ్డ హెల్పరు మాత్రం అటు చూడలేదు. వాడికి కనిపించేది పొడి మబ్బే. ఆ మబ్బులోంచి ఒక చెయ్యి లేచింది. చెయ్యికి ఒక్కటే వేలు. నడిమి వేలు.

"ఆపండి," అని గుట్ట మీంచి అరుస్తున్నాడు జయరాముడు. "నీ ఆట కట్టింది శ్రీరంగప్పా. వజ్రాలు యాడుండాయో చెప్పు."

హెల్పరుకు మాట వినపడలేదు. వేలు కనపడింది. తలూపి, ఇంకో రాడ్డు లేపి బిగించాడు.

గొడుగు దగ్గర మాట్లాడి వెనక్కి వచ్చిన ఆపరేటరు రాడ్డు ఎక్కి ఉండటం చూశాడు. శ్రీరంగప్ప మనసు మార్చుకుని సైగ చేసినట్టున్నాడు అనుకుని మీట లాగాడు. మోత మళ్లీ అందుకుంది. శ్రీరంగప్ప గొడుగు కింద లేచి గంతులేస్తూ వద్దు వద్దంటున్నాడు. జయరాముడు కాలు జారి గుట్ట మీంచి దొర్లాడు. దొర్లుతూ కూడా చెయ్యి పైకే పెట్టాడు, సలుపుతుందని.

పొడి రంగు మారింది. ముందు తడిసిన పిండిలాగా. తర్వాత బురద. తర్వాత, గుంతలోంచి తెల్లగా, మనిషి ఎత్తు దాటి, నీళ్లు.

శ్రీరంగప్ప గొడుగు పడేసి ఉరికాడు. పంచె, టవలు, బట్టతల, అంతా బురద. నీళ్లలో నిలబడి చేతులు చాపి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. కోపంలో ఎంత తిట్టుకున్నా, నీళ్లు చూసిన రైతు మొహం మీద కోపం నిలవదు. నాది కూడా నిలవలేదు.

"ఇంకొకటి," అని శ్రీరంగప్ప ఆపరేటరు మీద అరిచాడు. "ఇంకొక రాడ్డు దించప్పా. నీళ్లు ఇంకా పెరుగుతాయి."

మోతలో వినపడక ఆపరేటరు చెయ్యి చెవి దగ్గర పెట్టాడు. ఏమన్నట్టు తన కుడిచెయ్యి పైకెత్తి, నడిమి వేలు చూపించాడు. ఇంకొకటా?

శ్రీరంగప్ప ఆ చెయ్యిని చూసి, తనూ అట్లాగే నడిమి వేలు పైకెత్తి, తల గట్టిగా ఊపాడు. ఇంకొకటి.

ఆ వేలు ఆకాశంలో ఉండగానే ఆయన చూపు శశికుమార్ సారు మీద పడింది. సారు చూపు ఆ వేలు మీద ఉంది. వేలు మెల్లగా దిగింది.

అప్పుడు చూశాను నేను. ఆపరేటరు కుడిచేతికి చూపుడు వేలు లేదు. మొదలంటా లేదు. ఎప్పుడో ఏ బోరు దగ్గరో గొలుసు తీసుకుపోయినట్టుంది. ఆయనకు ఒకటి అని చూపించడానికి మిగిలింది నడిమి వేలే. ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు ఒకటంటే అదే. ఆయనకు టీ తెచ్చిచ్చే పిల్లకు కూడా.

మోత ఆగాక జ్యోతి గ్లాసులు కింద పెట్టింది. "ఆయప్పే. ఇంకొక రాడ్డు ఎయ్ అంటే అట్ల చూపిస్తాడు. ఆపొద్దు అని. శ్రీరంగప్ప తాత ఎలుగుబంటి కత మధ్యలో ఆపేసినాడు. ఇంకొక రాడ్డు ఎయ్ తాతా అనినా నేను. ఆయప్పను కొట్టొద్దండి."

"ఎవురూ కొట్టరమ్మా," అన్నాడు శ్రీరంగప్ప.

"చూసినారా," అని బురదలోంచి లేచాడు జయరాముడు. పుల్లలు విరిగాయి, కట్టు వేలాడుతోంది. "అనుకున్నట్టే ముఠా రహస్య సంకేతాన్ని ఛేదించినా."

"ఏం ముఠా రా?"

"వజ్రాల..." అని చుట్టూ చూసి, నీళ్లను చూసి, సర్దుకున్నాడు. "ఈ సీమలో నీళ్ల కంటే వజ్రమేముంది సుంకన్నా. నేను మొదట్నించీ చెప్తాండేది అదే."

కదిరమ్మ ఇదేమీ వినడం లేదు. కొంగు నడుముకు దోపి శశికుమార్ సారు ముందర నిలబడింది.

"సారూ. ఆ పొద్దు ఈయప్ప చెవిలో చెప్పినావు గదా. అది నా చెవిలో చెప్పు. దేనికి నా మనవరాలిని కొట్టినానో నాకు తెలియాల గదా."

"ఇప్పుడెందుకులే కదిరమ్మా."

"చెప్పు సారూ."

సారు అటూ ఇటూ చూసి, వంగి, ఆమె చెవిలో చెప్పాడు. కదిరమ్మ మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూర్చుని నవ్వింది. కళ్లు తుడుచుకుని మనవరాలిని దగ్గరికి లాక్కుంది. అందరికీ వినపడేట్టుగానే చెప్పింది.

"ఇట్ల రా. మగోళ్లు బట్ట కింద దాచుకునేది ఒకటి ఉంటాది గదా, నీ తమ్మునికి స్నానం పోసేటప్పుడు చూసినావే, దాని గుర్తంట ఇది. కొన్ని తావుల్లో ఎదుటోని మొగానికి ఈ ఏలు చూపితే బూతు తిట్టినట్టంట. వానికి సిగ్గయితాది, మనసు కష్టపడతాది. అంతే."

"అంతేనా?"

"అంతే."

జ్యోతి తన వేలు తిప్పి తిప్పి చూసుకుంది. "దీనికే ఇంత గోల చేసినారా? ముందే చెప్పుంటే శ్రీరంగప్ప తాతకు చూపేదాన్నే కాదు. బోరు కాడ అయితే ఇంకొకటి. బడి కాడ అయితే తిట్టు. రెండూ గుర్తు పెట్టుకుంటా."

"నన్ను గూడా కొట్టు," అంది కదిరమ్మ, వీపు తిప్పి. "రెండు నీకు బాకీ."

పిల్ల అవ్వ వీపు మీద మెత్తగా రెండు వేసింది.

సోమవారం కమిటీ కూర్చుంది. శశికుమార్ సారు కాగితాలు సర్దుకుంటుంటే శ్రీరంగప్ప అడ్డుపడ్డాడు. "టీసీ అనేది రాయాలంటే ముందు నాది రాయి సారూ. నేనూ చూపించినా గదా, నువ్వే చూసినావు." కాగితాలు లోపలికి పోయాయి. తలుపు దగ్గర నిలబడ్డ జయరాముడు ఇది తన మేధస్సుకు దక్కిన గెలుపని అప్పటికే నలుగురికి చెప్పాడు. ఎవరికి చెప్పినా రీచార్జి చేసి పంపాడు.

వచ్చిన పని అయిపోలేదు శ్రీరంగప్పకు. పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఎలుగుబంటిని మళ్లీ చేలోకి తోలుకొచ్చాడు. ఈసారి అది వెనక్కి తిరిగింది, మొహం వంక చూసింది, తర్వాత చెట్టెక్కిన ఈయన పంచె లాగి, ఆ పంచె కప్పుకుని గుట్టల్లోకి పోయింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. క్రమశిక్షణ ఎత్తుకున్నాడు. నీతులు ఎత్తుకున్నాడు. పిల్లల తలలు మళ్లీ వాలుతున్నాయి. ఆఖర్న ఆయన ముందు వరస వంక ఆశగా చూశాడు.

"ఏమమ్మా జ్యోతీ. ఇంకొక రాడ్డు ఎయ్యాల్నా?"

జ్యోతి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లేచి నిలబడింది.

"చాలు తాతా. నీళ్లు పడినాయి."